పక్క సైటులో గొయ్యి, మన గోడకి బీట: పైన మూడంతస్తులు వేయొచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. మా మామగారు 2004లో బెంగళూరు హొరమావు వైపు థర్టీ ఫార్టీ సైటు కొని, కింద రెండు పోర్షన్లు, పైన మేముండే ఇల్లు కట్టించారు. ఆయన పోయాక ఇల్లు మా ఆయన, మా మరిది పేర్ల మీదికి వచ్చింది. ఇప్పుడు పైన ఇంకో మూడంతస్తులు వేసి పీజీకి ఇద్దామని ఇద్దరూ పట్టుబట్టారు. అప్పట్లో ఇల్లు కట్టిన మేస్త్రీ మా ఊరివాడే, వరసకి మామయ్య అవుతాడు. "తొమ్మిది బై తొమ్మిది పిల్లర్లమ్మా, ఒక్కోదాంట్లో నాలుగు పదహారు ఎంఎం కడ్డీలు వేశా, ఐదంతస్తులైనా నిక్షేపంగా మోస్తుంది" అంటున్నాడు. మేస్త్రీ ఉండగా ఇంజనీర్‌కి డబ్బులు దండగ అని మా మరిది వాదన. పేపర్లో బిల్డింగ్ కూలిన వార్త చూసినప్పుడల్లా నాకు టెన్షన్. అసలు బిల్డింగులు ఎందుకు కూలుతాయి? కక్కుర్తి బిల్డర్లు కట్టినవేనా, మాలాంటి సొంతిళ్లు కూడానా? పైన వేయొచ్చో లేదో ఎలా తెలుస్తుంది? అన్నట్టు, పక్క సైటువాళ్లు పాత ఇల్లు పడగొట్టి సెల్లార్ కోసం జేసీబీతో పదడుగుల లోతు తవ్విస్తున్నారు. దుమ్ముతో, మోతతో ఇంట్లో ఉండలేకపోతున్నాం. అటువైపు బెడ్‌రూమ్‌లో కిటికీ మూల నుంచి ఒక బీట కూడా వచ్చింది. బాత్రూమ్ తలుపు సరిగా పడటం లేదు. వానలకి చెక్క ఉబ్బిందని మా ఆయన అంటున్నారు.
పేరు రాయొద్దన్న పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: చూడండమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరగా తేల్చుకోవాల్సిన సంగతి "అన్నట్టు" అన్న తర్వాత ఉంది. పైన మూడంతస్తుల సంగతి ఆరు నెలలు ఆలోచించినా కొంపలు మునగవు. పక్క సైటు గొయ్యి ఆరు రోజులు కూడా ఆగకపోవచ్చు. అందుకే ముందు దాని గురించి రాస్తాను.

మీ ఇంటి పిల్లర్ల కింద ఫుటింగులు, అంటే వెడల్పాటి కాంక్రీటు పునాది దిమ్మెలు, బహుశా నాలుగైదు అడుగుల లోతులో ఉంటాయి. ఇంటి బరువు వాటి నుంచి కింది మట్టిలోకి దిగుతుంది. నేరుగా కిందికే దిగదు, పక్కలకి పరుచుకుంటూ దిగుతుంది. చుట్టూ ఉన్న మట్టి బిగువుగా పట్టి ఉన్నంతకాలమే కింది మట్టి ఆ బరువు మోస్తుంది. పక్కవాళ్లు మీ ఫుటింగ్ కన్నా లోతుకి, హద్దు మీదే నిట్టనిలువుగా కోస్తే ఆ పట్టు పోతుంది. మట్టి గొయ్యి వైపు జారడం మొదలవుతుంది. దానికి వాన తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. ఫుటింగ్ అడుగు అంచు నుంచి గొయ్యి వైపు 45 డిగ్రీల వాలులో ఒక గీత గీస్తే, తవ్వకం ఆ గీతని దాటకూడదు. దాటాల్సి వస్తే ముందు షోరింగ్, అంటే మట్టి జారకుండా అడ్డుదన్ను, కట్టాలి, ఆ తర్వాతే తవ్వాలి. మన బెంగళూరు ఇళ్ల మధ్య ఉండే రెండు మూడడుగుల సందులో పదడుగుల గొయ్యి అంటే ఆ గీత ఎప్పుడో దాటేసినట్టే.

2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి సిద్దిఖ్ నగర్‌లో ఇదే జరిగింది. పక్క ప్లాటులో పునాదికి తవ్వుతుంటే, చిన్న జాగాలో లేచిన బిల్డింగ్ ఒకటి ఒక పక్కకి ఒరిగింది. జనం కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. చివరికి దాన్ని మెషీన్ పెట్టి కూల్చేయాల్సి వచ్చింది. అందులో కాపురమున్నవాళ్ల తప్పు ఇసుమంత లేదు.

మీవారు చెప్పిన చెక్క ఉబ్బడం సంగతి ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. తలుపు పడినంతవరకు మూసి, పైన ఫ్రేముకీ తలుపుకీ మధ్య సందు చూడండి. సందు అంతటా ఒకేలా బిగుసుకుపోయి ఉంటే వానే కారణం కావచ్చు. ఒక మూల వేలు దూరేంత, ఇంకో మూల కాగితం కూడా దూరనంత ఉంటే ఫ్రేమే వంకర పోయిందన్నమాట. అంటే గోడ కదిలింది. (మీది పీవీసీ తలుపైతే ఉబ్బడమన్న మాటే చెల్లదు.)

ఇక బీట. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా అల్లుకునే సన్న గీతల గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. బీముకీ కింది గోడకీ మధ్య అడ్డంగా తిన్నగా పోయే గీత కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. కిటికీ మూల నుంచి ఐమూలగా, మెట్లు మెట్లుగా పాకే బీట వేరు. ఇంటి ఒక పక్క దిగుతోందని చెప్పే బీట అది. మీరు రాసింది ఈ రకమే. ఇవాళే పెన్సిల్‌తో బీట రెండు చివర్లా అడ్డగీత పెట్టి పక్కన తేదీ వేయండి. మధ్యలో పలచగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ల ఒకటి అతికించండి, లేదా చిన్న గాజుముక్కని రెండు పక్కలా గట్టిగా అంటించండి. గోడ కదులుతుంటే ఆ బిళ్ల చిట్లుతుంది. రోజూ పొద్దునా సాయంత్రం ఫోన్‌తో ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి తీయండి. దాని మీద సిమెంటు పూసి, పెయింటేసి మసిపూసి మారేడుకాయ చేయనివ్వకండి. ఇంటి పరిస్థితి చెప్పే సాక్ష్యం మీ దగ్గర ప్రస్తుతానికి అదొక్కటే.

ఫోటోలతో పాటు పక్క సైటు ఓనర్‌కి కాగితం మీద రాసివ్వండి: తవ్వకం ఆపాలి, హద్దు పక్కన తవ్విన మట్టిని తిరిగి నింపాలి, షోరింగ్ డిజైన్ ఇంజనీర్ సంతకంతో చూపించాలి. నోటిమాట సరిపోదు. వాట్సాప్‌లో పంపినా ఫరవాలేదు, చదివినట్టు టిక్కులు పడాలి. అదే రోజు మీ కార్పొరేషన్ వార్డు ఇంజనీర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. పాత నగరపాలిక బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి మీ వీధి ఇప్పుడు ఎవరి కిందికి వస్తుందో ముందు కనుక్కోండి. "మాకు కాదు, వాళ్లకి" అనే జవాబుతో రెండు రోజులు పోగొట్టుకోవద్దు.

అతికించిన బిళ్ల చిట్లినా, బీట రోజురోజుకీ వెడల్పవుతున్నా, గోడలో ఉన్న బీట పిల్లర్‌లోకో బీములోకో పాకినా, నేల టైల్స్ వాటంతటవే లేస్తున్నా, రాత్రిళ్లు గోడల్లోంచి ఠప్పు ఠప్పుమని చప్పుళ్లు వస్తున్నా ఇంజనీర్ కోసం ఎదురుచూడకండి. కింది రెండు పోర్షన్లవాళ్లతో సహా అందరూ బయటికి వచ్చేసి 112కి ఫోన్ చేయండి. బంగారం, కాగితాలు తప్ప ఇంకేం సర్దుకోవద్దు.

బిల్డింగ్ ఉన్నట్టుండి కూలిందని పేపర్లో రాస్తారు కానీ, అవి చాలాసార్లు ముందే చెబుతాయి. 2021 సెప్టెంబరు 27న మన బెంగళూరు లక్కసంద్రలో మెట్రో కూలీలు ఉంటున్న పాత బిల్డింగ్ కుప్పకూలింది. ముందే ఖాళీ చేయించడంతో ప్రాణాలు దక్కాయి. పది రోజులకి, మీకు మరీ దూరం కాని కస్తూరి నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ ఒరిగి కూలింది. అక్కడా జనం ముందే బయటపడ్డారు. ఇక బంగ్లాదేశ్ రానా ప్లాజా సంగతి చూడండి. 2013 ఏప్రిల్ 23న పిల్లర్లలో పగుళ్లు కనబడ్డాయి. మర్నాడు అదే బిల్డింగ్‌లోని బ్యాంకు, షాపులు తెరవలేదు. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీలు మాత్రం జీతం కోస్తామని బెదిరించి కూలీల్ని లోపలికి పిలిచాయి. బిల్డింగ్ కూలి పదకొండు వందల మందికి పైగా చనిపోయారు. పగులు అందరికీ ఒకేలా కనబడింది. దాన్ని పట్టించుకున్నవాళ్లు బతికారు, పట్టించుకునే హక్కు లేనివాళ్లు పోయారు.

పక్క సైటు పని ఆగి, బీట కదలకుండా నిలబడ్డాక మీ రెండో ప్రశ్నకి రండి.

బిల్డింగులు ఎందుకు కూలుతాయంటే సిమెంటు తక్కువ వేశారని, ఇసుక మంచిది కాదని చెబుతారు. నిజమే, అవీ ఉన్నాయి. నేను చూసినంతలో అంతకన్నా పెద్ద కారణం ఒకటే. ఒక బరువుకి లెక్క వేసి కట్టినదాని మీద, మళ్లీ లెక్క వేయకుండా ఇంకో బరువు పెట్టడం. పైన అంతస్తు వేయడం, కింద షాపు కోసం గోడ తీయడం, మిద్దె మీద ట్యాంకు పెట్టడం, పక్కన గొయ్యి తవ్వడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఏదైనా మార్పు చేసేటప్పుడు అడగాల్సింది ఒక్కటే: దీనికి లెక్క ఎవరు వేశారు, సంతకం ఎవరిది? మీ మూడంతస్తులకి ప్రస్తుతం ఎవరూ లెక్క వేయలేదు. మేస్త్రీ మామయ్య చెప్పింది ధైర్యం, లెక్క కాదు.

రమారమి లెక్క ఒకటి ఇక్కడే వేసి చూద్దాం. మామూలు ఇంట్లో స్లాబ్, బీములు, గోడలు, టైల్స్, సామాను, మనుషులు అన్నీ కలుపుకుంటే అంతస్తుకి చదరపు మీటరుకి ఒక టన్ను పైనే, 1.1 అనుకుందాం. మీ ఇంట్లో పిల్లర్లు ఒకవైపు 10 అడుగులు, ఇంకోవైపు 12 అడుగుల దూరంలో ఉన్నాయనుకుంటే, మధ్యలో ఉన్న పిల్లర్ మీదికి 120 చదరపు అడుగుల భాగం, అంటే 11 చదరపు మీటర్ల బరువు వస్తుంది. అంతస్తుకి 12 టన్నులు. ఇప్పుడు రెండంతస్తులు కాబట్టి 24 టన్నులు. పైన మూడు వేస్తే 60 టన్నులు.

ఇప్పుడు ఆ పిల్లర్ ఎంత మోస్తుంది? 9 అంగుళాల పిల్లర్, నాలుగు 16 ఎంఎం కడ్డీలు, కాంక్రీటు ఎం20 (ఇళ్లకి మామూలుగా వాడే బలం రకం) అనుకుంటే, కాంక్రీటు కట్టడాలకి మన దేశంలో వాడే ఐఎస్ 456 కోడ్ సూత్రంలో భద్రత కోసం వదలాల్సింది వదిలేశాక వచ్చేది 43 టన్నులు. అదీ బరువు సరిగ్గా పిల్లర్ నడిమధ్యన పడితే. అలా ఎక్కడా పడదు, కాబట్టి అంతకన్నా తక్కువే. 2004లో చేత్తో కలిపిన కాంక్రీటుకి ఎం20 బలం ఉందో లేదో కూడా పరీక్ష చేస్తే గానీ తెలియదు. అంటే మామయ్య గొప్పగా చెప్పుకున్న ఆ కడ్డీలు నిజంగా వేసినా, పిల్లర్ 60 టన్నులకి సరిపోదు. ఇప్పుడున్న 24కి మాత్రం హాయిగా సరిపోతుంది. ఆయన కట్టింది మంచి ఇల్లే, ఆ ఇంటి వరకు.

పిల్లర్ ఎలాగో కంటికి కనిపిస్తుంది. దాని కింద కనిపించని ఫుటింగ్ సంగతి ఇంకా కష్టం. మీ నేల చదరపు మీటరుకి 15 టన్నులు మోస్తుందనుకోండి. 24 టన్నులకి నాలుగడుగుల చదరం ఫుటింగ్ దాదాపు సరిపోతుంది. 60 టన్నులకి ఆరున్నర అడుగుల చదరం కావాలి. పైన మూడంతస్తులు వేసినంత మాత్రాన భూమిలో ఉన్న ఫుటింగ్ పెరగదు కదా. అది చాలకపోతే పిల్లర్ విరగకపోయినా కిందికి దిగుతుంది. ఒక పిల్లర్ ఎక్కువ, ఒకటి తక్కువ దిగితే బీములు పగులుతాయి. పాత చెరువు పూడ్చిన జాగాలో, మట్టి పోసి చదును చేసిన లేఅవుట్‌లో ఆ 15 టన్నులు కూడా రాకపోవచ్చు. బెంగళూరులో చెరువులు ఎన్ని సైట్లయ్యాయో మీకు నేను చెప్పాలా.

పైన వేసిన లెక్క మీ ఇల్లు చూడకుండా, ఉత్తరంలోని నాలుగు ముక్కలతో వేసింది. దాన్ని పట్టుకుని ఏదీ కట్టొద్దు. మీ మరిది ముందు పెట్టి "దీనికి జవాబేంటి?" అని అడగడానికి పనికొస్తుంది.

"ఇంత కష్టమైతే ఊరంతా అలాగే కడుతున్నారు, అన్నీ పడిపోవాలి కదా" అంటారు మీ మరిది. నాకు ఈ వాదన రోజూ వినబడుతుంది. అన్నీ పడవు. ఎందుకంటే లెక్కలో కొంత అదనపు బలం కావాలనే కలుపుతారు. అది మేస్త్రీ చేతిలో జరిగే పొరపాట్ల కోసం, నాసిరకం సరుకు కోసం, ఎప్పుడో వచ్చే చిన్న భూకంపం కోసం. దాన్ని పై అంతస్తులు తినేస్తే ఇల్లు ఏమీ అనదు, నిలబడే ఉంటుంది. ఆ తర్వాత ఒక వానాకాలం పునాది నానినా, పక్కన ఎవరైనా తవ్వినా ఆదుకోడానికి మిగిలింది ఏమీ ఉండదు. ఒక పిల్లర్ పోతే దాని బరువు పక్క పిల్లర్ల మీద పడుతుంది. అవి అప్పటికే నిండుగా ఉంటాయి కాబట్టి అవీ పోతాయి. అందుకే చూస్తుండగానే అంతా కింద ఉంటుంది.

2024 అక్టోబరు 22న మీ వైపు బాబూసాపాళ్యలో వానల్లో కూలిన బిల్డింగ్ మీకు గుర్తుండే ఉంటుంది. కట్టుబడిలో ఉండగానే కూలింది. అనుమతికి మించి అంతస్తులు లేపారని తర్వాత బయటపడింది. అక్కడ పనిచేస్తున్న కూలీలు చనిపోయారు. కక్కుర్తి బిల్డర్లేనా అని అడిగారు కదా, దానికి చెన్నై మౌలివాక్కం చూడండి. 2014 జూన్ 28న, వాన కురుస్తుండగా, 11 అంతస్తుల టవర్ పూర్తి కాకముందే కూలింది. 61 మంది పోయారు, మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు కూడా అందులో ఉన్నారు. అది దొంగచాటుగా లేపిన బిల్డింగ్ కాదు, ప్లానుకి అనుమతి ఉన్న ప్రాజెక్టు. పక్కనే నిలబడి ఉన్న జంట టవర్ కూడా పనికిరాదని తేల్చి 2016 నవంబరు 2న పేల్చి కూల్చేశారు. ప్లాన్ శాంక్షన్ అంటే ఎన్ని అడుగులు వదిలారు, ఎంత ఎత్తు లేపారు అన్న అనుమతి. పిల్లర్ మోస్తుందన్న హామీ కాదు. రెండూ కావాలి. మీకు ప్రస్తుతం రెండూ లేవు.

ఇప్పుడొకసారి మీ మిద్దె ఎక్కండి. పిల్లర్ల తలల మీద కడ్డీలు రెండడుగులు పైకి పొడుచుకు వచ్చి ఉంటాయి. మామగారు "రేపు పిల్లలు వేసుకుంటారు" అని వదిలి ఉంటారు. వాటికి బట్టలారేసే తీగ కట్టి ఉంటారు మీరు. మన ఇళ్లన్నిటి మీదా ఉంటాయవి, వాటిని చూసే అందరికీ పై అంతస్తు మీద నమ్మకం పుడుతుంది. ఒక కడ్డీని చిన్న సుత్తితో కొట్టండి. ఎర్రటి పొట్టు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఇరవై ఏళ్ల వానకి తుప్పు తినేసిన భాగం అది. పదహారు ఎంఎం అని చెప్పిన కడ్డీ అక్కడ ఇంకా పదహారు ఉందా అని కాలిపర్‌తో కొలవాలి. పైగా కడ్డీ కాంక్రీటులోకి దిగే చోట సన్న సందు గుండా నీళ్లు లోపలికి వెళ్లి, పిల్లర్ తలలో కూడా తుప్పు మొదలై ఉండొచ్చు. మేస్త్రీలు చేసేదేమిటంటే, ఆ కడ్డీకి పక్కన కొత్త కడ్డీ పెట్టి, రెండు చోట్ల బైండింగ్ వైరు చుట్టి, పాత కాంక్రీటు మీద దుమ్ము కూడా తుడవకుండా కొత్త పిల్లర్ పోసేస్తారు. 16 ఎంఎం కడ్డీకి జాయింట్ పొడవు రెండున్నర అడుగులకి అటూ ఇటూగా ఉండాలి. మీ దగ్గర పైకి ఉన్నదే రెండడుగులైతే, తుప్పు పోగా మిగిలేదెంత?

స్లాబ్ రోజు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కట్టేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పొద్దున ఏడింటికి మిక్సర్, లిఫ్ట్ మెషీన్ వస్తాయి. సాయంత్రంలోగా పని అయిపోవాలి, గ్యాంగ్ ఇంకో సైటుకి పోవాలి. పదకొండింటికి ఎండెక్కుతుంది, కాంక్రీటు బిగుసుకుంటుంది. పైన పరిచేవాడు "నీళ్లు, నీళ్లు" అని అరుస్తాడు. మిక్సర్ దగ్గరున్న కుర్రాడు ఇంకో బక్కెట్ పోస్తాడు. ఎం20కి 50 కిలోల సిమెంటు బస్తాకి నీళ్లు 27 లీటర్లు దాటకూడదు, అందులో ఇసుకలోని తడి కూడా లెక్కే. దాని మీద ఇంకో 15 లీటర్లు పడితే బలం సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. కాంక్రీటు మాత్రం నున్నగా, అందంగా పరుచుకుంటుంది. ఓనర్లు మురిసిపోతారు. సిమెంటు ఏ బ్రాండ్ అని అరగంట వాదించేవాళ్లు ఆ బక్కెట్‌ని పట్టించుకోరు. ఆ రోజు మిక్సర్ దగ్గర మీ మనిషి ఒకరు నిలబడాలి. బిర్యానీ పెట్టించడం ఇంకొకరు చూసుకుంటారు. కాంక్రీటుని 150 ఎంఎం క్యూబ్‌లలో నింపి, 7 రోజులకి, 28 రోజులకి ల్యాబ్‌లో నలగ్గొట్టించండి. ఖర్చు ఆ బిర్యానీ కన్నా ఎక్కువేం కాదు. సెంట్రింగ్ సామాను అద్దె పెరిగిపోతోందని జాకీలు (స్లాబ్ కింద నిలబెట్టే ఊతాలు) ముందే తీసేయనివ్వకండి. చిన్న స్లాబ్‌కే కనీసం 7 రోజులు, పెద్దదానికి 14, పొడవాటి బీములకి 21 రోజులు అని కోడ్ చెబుతుంది. పైన ఇంకో స్లాబ్ పోస్తుంటే కింది జాకీల సంగతి ఇంజనీర్ చెప్పాలి.

పీజీ అన్నారు కాబట్టి రెండు మాటలు. గదికో బాత్రూమ్ అంటే అంతస్తుకి నాలుగైదు. ఒక్కటి కారినా ఆ తడి స్లాబ్‌లోకి దిగి కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటుని పెచ్చులూడదీస్తుంది. 2021లో అమెరికాలో ఫ్లోరిడా తీరాన 98 మందిని బలిగొన్న అపార్ట్‌మెంట్‌లో కూడా ఏళ్ల తరబడి నీళ్లు దిగి కాంక్రీటు పాడైన సంగతి ముందే ఇంజనీర్ రిపోర్టులో ఉంది, రిపేరు మాత్రం సాగుతూ పోయింది. రెండోది ట్యాంకులు. లీటరు నీళ్లు కిలో. ఐదు వేల లీటర్ల ట్యాంకు అంటే ఐదు టన్నులు, దాన్ని స్లాబ్ నడిమధ్యన పెట్టి ఇటుకలు పేర్చే అలవాటు మనకి ఎక్కువ. ఇంకొకటి, కింద మెస్ కోసమో పార్కింగ్ కోసమో పిల్లర్ అడ్డమొస్తోందని ఎవరైనా అంటే వాళ్లని గేటు బయటే ఆపండి. 2017లో ముంబయి ఘాట్‌కోపర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ మార్పుల్లో పిల్లర్లు దెబ్బతీసినందుకు నాలుగంతస్తులు కూలి 17 మంది పోయారు.

అయితే ఏం చేయాలి? నా సలహా సూటిగా చెబుతాను. మూడంతస్తుల ఆలోచన మానుకోండి. మీరు రాసిన పిల్లర్ సైజుతో అది జరిగే పని కాదు. పీజీ ఆదాయం కావాల్సిందేనంటే దారులు రెండు. పాత ఇల్లు తీసేసి, మట్టి పరీక్ష చేయించి, శాంక్షన్‌కి లోబడి ఎన్నంతస్తులు వస్తే అన్నిటికి పునాది నుంచి కొత్తగా కట్టుకోవడం ఒకటి. ఉన్నదాని మీద ఒక్క అంతస్తు, అదీ స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క ఒప్పుకుంటేనే, అవసరమైన పిల్లర్లకి జాకెటింగ్ చేయించి వేసుకోవడం రెండోది. జాకెటింగ్ అంటే పిల్లర్ చుట్టూ కొత్త కడ్డీ, కొత్త కాంక్రీటు తొడుగు. దాన్ని ఫుటింగ్ దాకా దించాలి. గ్రౌండ్ ఫ్లోర్ నేల మీద ఆపేస్తే అలంకారమే. నన్నడిగితే, రెండో దారికి అయ్యే ఖర్చు, కింది పోర్షన్ల అద్దె పోవడం అన్నీ చూసుకుంటే చాలామందికి మొదటిదే మేలు.

అనుమతి లేకుండా వేసేసి తర్వాత సర్దుకోవచ్చన్న రోజులు కూడా పోతున్నాయి. కంప్లీషన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు లేని కట్టడాలకి కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని, బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూశాకే లోన్ ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లోన్ తెచ్చి మూడంతస్తులు లేపి మీటరు రాక కూర్చుంటే ఆ ఈఎంఐ ఎవరు కడతారో మీ మరిదిని అడగండి.

ఇంజనీర్‌ని పిలిచేటప్పుడు ప్లాన్లు గీసే ఆయన్ని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్‌నే పిలవండి. ఇల్లంతా తిరిగి, పిల్లర్‌ని రెండుసార్లు తట్టి "ఏం ఫరవాలేదు" అని సర్టిఫికెట్ చేతిలో పెడితే డబ్బులివ్వకండి. కనీసం ఒక మధ్య పిల్లర్ పక్కన గొయ్యి తీసి ఫుటింగ్ పొడవు, వెడల్పు, లోతు కొలవాలి. కడ్డీలు ఎక్కడ, ఎన్ని ఉన్నాయో రీబార్ లొకేటర్‌తో చూడాలి. పైపైన కొట్టి బలం అంచనా వేసే రీబౌండ్ హ్యామర్ ఒక్కటే నమ్మకుండా రెండు మూడు చోట్ల కోర్ (గుండ్రటి కాంక్రీటు ముక్క) తీసి ల్యాబ్‌కి పంపాలి. మట్టి పరీక్ష రిపోర్టు ఉండాలి. ఆఖర్న, ఏ పిల్లర్ మీద ఇప్పుడు ఎన్ని టన్నులు, కడితే ఎన్ని టన్నులు, అది మోయగలిగేది ఎంత అని పట్టికగా రాసి సంతకం పెట్టాలి. అరకోటి దాటే పని మొదలుపెట్టే ముందు ఈ ఖర్చు దండగ అనిపిస్తే ఆ పని అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఆయన వచ్చే రోజున మేస్త్రీ మామయ్యని కూడా పిలిపించండి. తప్పు పట్టడానికి కాదు. ఫుటింగ్ ఎంత లోతుకి దించారు, కింద రాయి తగిలిందా మట్టేనా, ఏ పిల్లర్ దగ్గర నీళ్లూరితే ఇసుక పోసి సరిపెట్టారు అన్నది ఈ భూమ్మీద ఆయనకొక్కడికే తెలుసు. గొయ్యి ఎక్కడ తీస్తే అసలు సంగతి తెలుస్తుందో ఆయన్నే చూపించమనండి.